బీఎస్‌ఏ ఎమ్21 రిజిడ్ ఫ్రేమ్ అసలు కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

సైడ్‌వాల్వ్_శీను (సోలిహల్)

నమస్కారమండీ అందరికీ. నా దగ్గర ఒక బీఎస్‌ఏ ఎమ్21 ఉంది, బ్రిటన్‌లో తయారైన పాత మోటార్ సైకిల్. 591 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్, వెనక సస్పెన్షన్ లేని రిజిడ్ ఫ్రేమ్, ముందు టెలిస్కోపిక్ ఫోర్కులు. స్టాఫర్డ్ షోలో పాత సామాన్లు అమ్మే చోట విడి భాగాలుగా కొన్నాను. ఇంజిన్ నంబర్ జెడ్‌ఎమ్21తో మొదలవుతుంది, ఫ్రేమ్ నంబర్ మాత్రం జెడ్‌ఎమ్20తో. ఇది అసలు జోడీయేనా అన్నది మొదటి సందేహం. అసలు బెంగ వేరే ఉంది.

రంగు వేయించే ముందు ఊరికే ఒకసారి అన్నీ తగిలించి చూద్దామని ఫోర్కులు, రెండు చక్రాలు బిగించాను. వెనక నిలబడి చూస్తే వెనక చక్రం నిటారుగా ఉంది, ముందు చక్రం పైభాగం ఎడమకు వాలినట్టు కనిపిస్తోంది. ఫోర్కు ట్యూబులు వంగాయేమోనని విప్పి, గాజు పలక మీద దొర్లించి చూశాను. రెండూ తిన్నగానే ఉన్నాయి. ఇంజిన్ కూర్చోబెడితే వెనక బోల్టులు చేత్తో తోస్తేనే దిగాయి. ముందు బోల్టు మాత్రం ఒకవైపు లగ్‌లోంచి (ట్యూబులు దూర్చే, బోల్టు బెజ్జాలుండే ఫ్రేమ్ దిమ్మలోంచి) వచ్చి రెండోవైపు అంచుకు తగులుతోంది. సుత్తితో కొడితే దిగుతుందేమో గానీ నేను కొట్టదలచుకోలేదు.

ఎడమవైపు సైడ్‌కార్ తగిలించే లగ్గులు బాగా అరిగి మెరుస్తున్నాయి. నల్లరంగు గీకితే కింద పసుపు వచ్చింది. ఏఏ (ఆటోమొబైల్ అసోసియేషన్) వాళ్లు రోడ్డు మీద ఆగిపోయిన కార్లకు సాయం చేయడానికి వాడిన పసుపు సైడ్‌కార్ బండ్లలో ఎమ్21లు చాలా ఉండేవి కదా, ఇదీ వాటిలో ఒకటేమో తెలీదు. అదైనా కాకపోయినా, సైడ్‌కార్ ఏళ్ల తరబడి లాగిందన్నది మాత్రం ఖాయం.

ఇన్‌స్ట్రక్షన్ బుక్కులో వాల్వ్ గ్యాపులు, మాగ్నెటో టైమింగ్, వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) 54 అంగుళాలు, ఇలాంటివన్నీ ఉన్నాయి. ఫ్రేమ్ గురించి ఒక్క కొలత లేదు. పార్ట్స్ లిస్టులో బొమ్మ ఉంది, అంకెలు లేవు. నాకు కావలసింది స్టీరింగ్ హెడ్ (ఫోర్కులు తిరిగే ఫ్రేమ్ ముందు భాగం) కోణం, అక్కడి హెడ్ లగ్ నుంచి ముందు ఇంజిన్ బోల్టు దాకా దూరం, వెనక ఇరుసు స్లాట్లు మధ్య గీత నుంచి ఎంతెంత దూరంలో ఉండాలో ఆ లెక్క. బండి పుట్టిన స్మాల్ హీత్ నా ఇంటికి దగ్గరే. ఆర్మరీ రోడ్డు మీద నడిచి వచ్చాను కూడా. ఆ డ్రాయింగులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటాయి?

ఇంత పట్టుదల ఎందుకంటే, నలభై ఏళ్లు దాటిన ఈ బండికి ఎమ్ఓటీ పరీక్ష (బండి రోడ్డుకు తగినట్టుందా అని ఇక్కడ ఏటా చేసేది) తప్పనిసరి కాదు. అంటే నేను రోడ్డెక్కించే ముందు దీన్ని పట్టి చూసే మనిషి వేరే ఎవరూ ఉండరు. వెనక సీటు మీద మా అమ్మాయి కూర్చుంటుంది. "ఫర్వాలేదు, కొంచెం వంకర ఉన్నా నడుస్తుంది" అనే మాట నాకు సరిపోదు.

---

పాతపుస్తకాల_రావు

శీను గారూ, ముందు మీ మొదటి సందేహం తీర్చేస్తాను. జోడీ సరైనదే. ఆ కాలంలో ఎమ్20, ఎమ్21, ఎమ్33 మూడింటికీ ఒకే ఫ్రేమ్ వాడారు, దాని మీద ఎమ్20 అనే కొట్టారు. బీఎస్‌ఏలోనే ఇంకో మోడల్, ఏ10 గోల్డెన్ ఫ్లాష్ ఉన్నవాళ్లు కూడా ఇలాగే కంగారుపడుతుంటారు. 1950 నాటి ప్లంజర్ (వెనక ఇరుసుకు స్ప్రింగులున్న) ఏ10 ఫ్రేమ్ మీద జెడ్‌ఏ7ఎస్ అని ఉంటుంది, ఎందుకంటే ఆ ఫ్రేమ్ ఏ7తో కలిపి వాడినది. ఎమ్20కీ ఎమ్21కీ తేడా అంతా ఇంజిన్‌లోనే. సిలిండర్ వ్యాసం రెండింటిదీ 82 మి.మీ., స్ట్రోకు ఒకదానిది 94, ఇంకోదానిది 112.

ఇది మీకు పెద్ద మేలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక్క ఎమ్20నే లక్షకు పైగా తయారు చేశారు. కాబట్టి మీరు ఎమ్21 ఫ్రేమ్ కోసమే వెతకక్కర్లేదు, ఎమ్20 యజమానులందరినీ అడగొచ్చు. కాకపోతే ఒక జాగ్రత్త. సైన్యం బండ్లు గర్డర్ ఫోర్కులవి (ట్యూబులు ఒకదాంట్లో ఒకటి జారని పాత రకం), మీది టెలిస్కోపిక్. పోల్చేముందు ఆ బండి సంవత్సరానిదీ మీ బండి సంవత్సరానిదీ పార్ట్స్ లిస్టులు రెండూ పక్కపక్కన పెట్టి ఫ్రేమ్ పార్ట్ నంబర్ చూడండి. యుద్ధం తర్వాతి బీఎస్‌ఏ లిస్టుల్లో 66తో మొదలయ్యేవి ఎమ్ రేంజివి, 65 బీ రేంజివి, 67 ఏ రేంజివి. నంబర్ ఒకటే అయితే నిశ్చింతగా పోల్చుకోవచ్చు. వేరైతే ఏ లగ్ మారిందో తేల్చుకున్నాకే పోల్చండి.

కాగితాల సంగతి. బర్టన్ అపాన్ ట్రెంట్‌లో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీ ఉంది. 1946లో మొదలైన క్లబ్ అది, పాత మాన్యువళ్లు, పార్ట్స్ లిస్టులు, డ్రాయింగులు అడిగేవాళ్లు మొదట వెళ్లేది అక్కడికే. ఫ్రేమ్ పార్ట్ నంబర్ రాసి అడిగితే వాళ్లకు వెతకడం తేలిక, "ఎమ్21 కొలతలు కావాలి" అని మాత్రం అడక్కండి. బీఎస్‌ఏ ఓనర్స్ క్లబ్‌కి కూడా అలాగే రాయండి. మూడోది చాలామందికి తట్టదు. ఎమ్20 సైన్యం బండి కాబట్టి, సైన్యంలో రిపేర్లు చేసిన దళం రీమీ వాళ్ల మ్యూజియం విల్ట్‌షైర్‌లోని లైనమ్‌లో ఉంది. యుద్ధరంగంలో వంగిన ఫ్రేములను తిరిగి నిలబెట్టాల్సింది వాళ్లే కదా. సైన్యం వర్క్‌షాప్ పత్రాల్లో ఫ్రేమ్ సరిచూసే కాగితం ఏదైనా ఉందా అని ఒక ఉత్తరం రాస్తే పోయేదేమీ లేదు.

ఉత్తరాలకు జవాబులు వచ్చేదాకా మాత్రం చేతులు కట్టుకుని కూర్చోకండి. మన గుంపులో రసమట్టం గారు ఉన్నారు, ఆయన చూస్తే బాగుంటుంది.

---

రసమట్టం

చూశాను రావు గారూ.

శీనూ, నేను పని నేర్చుకున్నదే టూల్‌రూమ్‌లో. నువ్వు కాగితం కోసం వెతకడం తప్పని అనను, దొరికితే మంచిదే. అయితే కాగితం మీద హెడ్ కోణం ఇన్ని డిగ్రీలు అని ఉంటే, దాన్ని ఏ గీత నుంచి కొలిచారు? నేల నుంచా? ఏ టైరు వేసి? ఒట్టి ఫ్రేమ్‌కి నేల అంటూ ఉండదు. అందుకే ముందు నీ ఫ్రేమ్‌ని దానితోనే పోల్చాలి, ఆ తర్వాత తిన్నగా ఉన్న ఇంకో ఫ్రేమ్‌తో పోల్చాలి, కాగితం చివర. ఈ వరసలో వెళితే నీకు కావలసినదాంట్లో ముప్పావు వంతు కొలతల పట్టికే లేకుండా తేలిపోతుంది.

మొదటి పని, హెడ్ లగ్‌లో బేరింగ్ కప్పులు రెండూ తీసెయ్. అరిగిన కప్పు నుంచి ఏ కొలత తీసినా అబద్ధమే చెబుతుంది. కప్పు కూర్చునే గూడు ఫ్యాక్టరీలో మెషిన్ చేసింది, అదే నీకు ఆధారం. ఆ రెండు గూళ్లలో బిగువుగా కూర్చునేలా రెండు బిళ్లలు లేత్ మీద తీయించు. వాటి నడిమధ్య బెజ్జం వేసి, గ్రైండ్ చేసిన తిన్నని ఉక్కు కడ్డీ దూర్చు. కడ్డీ హెడ్ లగ్ పైనా కిందా జానెడేసి బయటికి రావాలి. ఇప్పుడు స్టీరింగ్ ఇరుసు గాలిలో ఎటు పోతోందో నీ కంటికి కనిపిస్తుంది. ఈ ఒక్క కడ్డీ లేకుండా చేసే కొలతలన్నీ ఊహలే.

రెండో కడ్డీ వెనక ఇరుసు స్లాట్లలో. చెయిన్ బిగించే స్లాటు పొడవుగా ఉంటుంది కాబట్టి రెండువైపులా స్లాటు మూల నుంచి ఒకే దూరంలో పెట్టి బిగించు. మూడో కడ్డీ వెనక ఇంజిన్ బోల్టు బెజ్జాల్లో. అవి చేత్తో దిగాయన్నావు, కాబట్టి ఫ్రేమ్‌లో ఆ భాగం చెడలేదని ప్రస్తుతానికి నమ్ముదాం.

ఇప్పుడు ఫ్రేమ్‌ని గట్టి బల్ల మీద నిలబెట్టి, మూడో కడ్డీ మీద రసమట్టం పెట్టి అది మట్టంగా ఉండేలా సర్దు. డిజిటల్ లెవెల్ ఉంటే ఇంకా మంచిది. వెనక ఇరుసు కడ్డీ కూడా మట్టంగా ఉండాలి. తర్వాత ముందుకు వెళ్లి హెడ్ కడ్డీని ఎదురుగా చూడు. ముందు నుంచి చూసినప్పుడు అది నిట్టనిలువుగా ఉండాలి. ఎడమకో కుడికో వాలితే అదే మెలిక. దీనికి ఏ ఫ్యాక్టరీ కాగితమూ అక్కర్లేదు, 90 డిగ్రీలంటే 90 డిగ్రీలే.

ఎంత మెలిక ఎంత నష్టం? హెడ్ లగ్ నుంచి నేల దాకా ఇంచుమించు 30 అంగుళాలు అనుకో. హెడ్ ఒక డిగ్రీ పక్కకు వాలితే టైరు నేలను తాకే చోటు అర అంగుళం పక్కకు పోతుంది. సైడ్‌కార్ ఉన్నంతకాలం అది ఎవరికీ తెలీదు, మూడు చక్రాల బండి పక్కకు ఒరగదు కదా. విప్పి రెండు చక్రాల మీద నడిపితే ఒకవైపుకు లాగుతుంది.

ఇక మధ్య గీత. సన్నని నైలాన్ దారం తీసుకుని వెనక ఎడమ స్లాటు నుంచి హెడ్ లగ్ చుట్టూ తిప్పి కుడి స్లాటుకు బిగించి కట్టు. సీటు కింది ట్యూబు దగ్గర దారానికీ ట్యూబుకూ సందు రెండువైపులా కొలువు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సందు సమానంగా లేకపోతే ఫ్రేమ్ వంగిందని వెంటనే అనుకోవద్దు. బ్రేకు, చెయిన్ చక్రం, హబ్ వెడల్పు వల్ల కొన్ని బండ్లకు వెనక ఇరుసు స్లాట్లు రెండూ మధ్య గీతకు సమాన దూరంలో ఉండవు. అది వంకర కాదు, అలా చేసిందే. నీ దగ్గర వెనక చక్రం ఉందిగా, స్పోకులు సరిగ్గా బిగించిన చక్రమైతే దాన్ని ఎక్కించి రిమ్ము మధ్య నుంచి కొలువు. బండి నడిచేది రిమ్ము గీత మీదే.

ముందుకు గుద్దుకున్న బండ్లకు ఇంకో జబ్బు ఉంటుంది. హెడ్ లగ్ వెనక్కి నెట్టుకుపోతుంది. టాప్ ట్యూబు అడుగున, డౌన్‌ట్యూబు (హెడ్ లగ్ నుంచి ఇంజిన్ ముందుగా కిందికి దిగేది) లగ్‌లోంచి బయటికొచ్చే అంచు దగ్గర వేలు పెట్టి తడిమి చూడు. కంటికి కనపడని ముడత కూడా గోరుకు తగులుతుంది. రంగు ఉండగా చూడాలి ఇది, అక్కడ రంగు సన్నగా చిట్లి ఉంటుంది. శాండ్ బ్లాస్టింగ్ చేయించేశాక ఆ సాక్ష్యం పోతుంది. నువ్వింకా చేయించలేదు, చాలా మంచి పని.

హెడ్ వెనక్కి పోతే కోణం నిటారవుతుంది, ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటికీ టైరు తాకే చోటికీ మధ్య దూరం) తగ్గుతుంది. ట్రెయిల్ లెక్క ఇదీ: టైరు వ్యాసార్ధాన్ని హెడ్ కోణం సైన్‌తో గుణించి, అందులోంచి యోకుల (ఫోర్కు ట్యూబులను పట్టుకునే బిగింపుల) ఆఫ్‌సెట్, అంటే స్టీరింగ్ ఇరుసు కంటే ట్యూబులు ఎంత ముందుకున్నాయో ఆ దూరం, తీసేసి, వచ్చినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగించాలి. కోణం నిలువు గీత నుంచి కొలవాలి. ఉదాహరణకు చెబుతున్నాను, ఇవి నీ బండి అంకెలు కావు. వ్యాసార్ధం 12.75 అంగుళాలు, కోణం 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 2.5 అంగుళాలు అయితే ట్రెయిల్ 3.7 అంగుళాలు వస్తుంది. కోణం 25కి తగ్గితే 3.2 కూడా రాదు. రెండు డిగ్రీలకే అర అంగుళం పోయింది. సైడ్‌కార్ బండికి ట్రెయిల్ తక్కువైతే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, అందుకని సైడ్‌కార్ వాళ్లు కావాలనే తగ్గించుకునేవాళ్లు. నీ యోకులు ఈ బండివేనా, ఎవరైనా మార్చారా అన్నది కూడా చూడు. ఫ్రేమ్ బాగుండి యోకులు తేడా అయినా బండి స్థిరంగా నడవదు.

చివరిగా ఒక్కటి. టేపు మిల్లీమీటర్లలో ఉంటే పక్కన పడెయ్. ఈ బండిని గీసినవాడు అంగుళాల్లో గీశాడు. నీ కొలత 311 మి.మీ. వచ్చిందనుకో, అది 12 పావు అంగుళాలన్నమాట, కచ్చితంగా చెప్పాలంటే 311.15. కొలత అలా శుభ్రమైన భిన్నానికి దగ్గరగా వస్తే లగ్ తన చోటే ఉందనడానికి అదొక గుర్తు. ఏ భిన్నానికీ చెందకుండా మధ్యలో వేలాడుతుంటే అక్కడ మళ్లీ కొలవాలి.

---

ఫొటో_ఫణి

మంచి సమాచారం. నాదొక సూచన. పాత బ్రోషర్లలో బండి పక్క ఫొటోలు ఉంటాయి కదా, వీల్‌బేస్ 54 అంగుళాలని తెలుసు కాబట్టి స్కాన్ చేసి ఆ స్కేలుతో మిగతా కొలతలు కంప్యూటర్‌లో తీయలేమా?

---

రసమట్టం

తీయొచ్చు ఫణీ, సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఫ్రేమ్ నిలబెట్టడానికి మాత్రం వద్దు. కెమెరా దగ్గరగా పెట్టి తీసిన ఫొటోలో ముందున్న చక్రం ఒక స్కేలులో, లోపలున్న లగ్ ఇంకో స్కేలులో పడతాయి. బ్రోషర్ బొమ్మలకు చేత్తో మెరుగులు దిద్దేవాళ్లు కూడా. నీ అంతట నువ్వు తిన్నని బండిని దూరంగా నిలబడి, జూమ్ లెన్స్‌తో, చక్రం మధ్య ఎత్తులో కెమెరా పెట్టి తీస్తే అర డిగ్రీ లోపు తేడాతో హెడ్ కోణం దొరకవచ్చు.

---

సైడ్‌వాల్వ్_శీను (సోలిహల్)

రసమట్టం గారూ, మీరు చెప్పినట్టే చేశాను. బిళ్లలు తిప్పించడానికి తెలిసినవాళ్ల లేత్ దొరికింది. కడ్డీ దూర్చి దూరంగా నిలబడి చూడగానే గుండె జారింది. అంతకు ముందు కంటికి అనుమానంగా ఉన్నది ఇప్పుడు గీత గీసినట్టు కనపడుతోంది.

వెనక ఇంజిన్ బోల్టు కడ్డీ మట్టంగా ఉన్నప్పుడు వెనక ఇరుసు కడ్డీ కూడా మట్టంగానే ఉంది, డిజిటల్ లెవెల్‌లో 0.1 డిగ్రీ మించి తేడా రావడం లేదు. లెవెల్‌ని అటూ ఇటూ తిప్పి పెట్టి కూడా చూశాను. అంటే వెనక భాగం బాగుంది. హెడ్ కడ్డీ మాత్రం ఎడమకు 0.7 డిగ్రీలు వాలింది. మీ లెక్క ప్రకారం నేల దగ్గర 3/8 అంగుళం.

దారం కట్టి, చక్రం ఎక్కించి రిమ్ము మధ్య నుంచి చూశాను. వెనక చక్రం, సీటు ట్యూబు ఒకే గీతలో ఉన్నాయి. స్లాట్ల నుంచి కొలిస్తే మాత్రం రెండు వైపులా ఒకటి కాదు. మీరు ముందే చెప్పకపోతే దాన్ని కూడా వంకరే అనుకుని వంచమనేవాణ్ని!

వీల్‌బేస్ స్లాటు మధ్యలో ఇరుసు పెట్టి కొలిస్తే 53½ వస్తోంది. డౌన్‌ట్యూబు లగ్ కింద, ముందు వైపు కాదు, ఎడమ పక్కన ఒక చిన్న ముడత గోరుకు తగిలింది. టార్చి అడ్డంగా పట్టుకుంటే నీడ పడుతోంది. రంగు అక్కడ గోరంత పొడవున చిట్లి ఉంది, చిట్లిన చోట పసుపు మీద తుప్పు. అంటే పసుపు రంగు ఉన్న కాలంలోనే దెబ్బ తగిలిందా?

ఇప్పుడు ప్రశ్న, దీన్ని సరిచేయించడం ఎలా? వేడి చేసి వంచొచ్చా?

---

బ్రేజింగ్_మూర్తి

శీను గారూ, వేడి అన్న మాట వినగానే రాస్తున్నాను. దయచేసి గ్యాస్ మంట ఎవరి చేతికీ ఇవ్వకండి.

మీ ఫ్రేమ్‌లో ట్యూబులను లగ్గుల్లో దూర్చి, పిన్ను కొట్టి, ఇత్తడితో బ్రేజ్ చేశారు. ఆ ఇత్తడి దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ట్యూబుని ఎర్రగా కాల్చి వంచుతుంటే పక్కనున్న జాయింట్లో ఇత్తడి మెత్తబడి కదిలిపోవచ్చు. పైకి ఏమీ కనపడదు, లోపల పట్టు పోతుంది. ఇంకో ప్రమాదం ఎలక్ట్రిక్ వెల్డింగ్. ఇత్తడి అంటిన ఉక్కు మీద వెల్డింగ్ చేస్తే కరిగిన రాగి ఉక్కు రేణువుల మధ్యకు పాకి పగులు తెస్తుంది. లగ్ పక్కన బుడిపెలా వెల్డింగ్ చేసి గ్రైండ్ చేసిన ఫ్రేములు అమ్మకానికి వస్తుంటాయి, అలాంటివి కొనకండి. మీ ఫ్రేమ్‌లో అలాంటి వెల్డింగ్ లేకపోవడం అదృష్టం.

0.7 డిగ్రీల మెలిక ఒక్కటే అయితే చల్లగానే సరిచేయొచ్చు. కింది భాగాన్ని జిగ్‌కి (ఫ్రేమ్‌ని పట్టి ఉంచే గట్టి చట్రానికి) కదలకుండా బిగించి, హెడ్ లగ్‌లో మందపాటి కడ్డీ వేసి నెమ్మదిగా లాగుతారు. కొంచెం ఎక్కువ లాగి వదిలితే తిరిగి వచ్చి సరిగ్గా ఆగాలి, అందులోనే పనితనం ఉంది. మీకు ముడత కూడా ఉందంటున్నారు కాబట్టి డౌన్‌ట్యూబు మార్చడమే నేను చెప్పే మాట. ముడత పడిన ట్యూబుని తిన్నగా లాగితే అక్కడే సన్నబడి, నడుపుతుండగా అక్కడే పగులుతుంది. లగ్‌ని మొత్తంగా ఒకే తీరున వేడి చేసి, పిన్ను డ్రిల్ చేసి తీసి, ట్యూబు బయటికి లాగి, కొత్తది అదే గేజిలో వేసి బ్రేజ్ చేస్తారు. ఇది చేతికొచ్చిన పనివాడే చేయాలి.

గేజి ఎలా తెలుస్తుందంటారా? పాత ట్యూబు కోసి బయటికి వచ్చాక, ముడతకు దూరంగా ఉన్న చోట మైక్రోమీటర్‌తో గోడ మందం కొలవాలి. బ్రిటిష్ గేజి లెక్కల్లో 12 అంటే 0.104 అంగుళం, 14 అంటే 0.080, 16 అంటే 0.064. అంకె పెరిగేకొద్దీ గోడ పలచబడుతుంది, ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. బయటి వ్యాసం కూడా అంగుళాల్లోనే చెప్పండి. 28.6 మి.మీ. ట్యూబు అంటే అమ్మేవాడు 28 ఇవ్వొచ్చు, 1⅛ అంటే అదే ఇస్తాడు. లగ్‌లో అర మిల్లీమీటరు ఎక్కువ సందు ఉన్నా బ్రేజింగ్ సరిగ్గా పట్టదు.

ఫ్రేమ్ నంబర్ ఉన్న చోట గ్రైండర్ గానీ ఇసుక గానీ తగలనివ్వకండి, ముందే టేపు వేసి మూయమనండి. వీ5సీలో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉన్న నంబరూ ఫ్రేమ్ మీది నంబరూ ఒకటేనని చూసుకోండి. అరిగిపోయిందని మీరే మళ్లీ కొట్టించకూడదు, ముందు డీవీఎల్‌ఏకి (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థకి) రాయాలి. పౌడర్ కోటింగ్ చేయించేటట్లయితే బేరింగ్ గూళ్లు, బోల్టు బెజ్జాలు మూయించండి. మందంగా పడి కప్పులు దిగవు, ఇంజిన్ బోల్టులూ దిగవు.

---

వోల్వర్‌హాంప్టన్_వాసు

అన్నా, నా దగ్గర ఎమ్20 ఉంది, జెడ్‌ఎమ్20 ఫ్రేమే, మీదాని లాగే టెలిస్కోపిక్. ప్రస్తుతం ఒట్టి ఫ్రేమ్‌గానే గోడకు ఆనించి ఉంది. దీనికి ఎప్పుడూ సైడ్‌కార్ తగిలించలేదు, లగ్ బెజ్జాల్లో ఫ్యాక్టరీ అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. రసమట్టం గారి పద్ధతిలో దీన్ని ముందు దానితోనే పోల్చి చూశాను. హెడ్ కడ్డీ నిలువుగా ఉంది, ఇరుసు మట్టంగా ఉంది, ఇంజిన్ బోల్టులు అన్నీ చేత్తోనే దిగుతాయి. కాబట్టి దీన్ని తిన్నని ఫ్రేమ్ అనుకోవచ్చు. మీరు ఏ ఏ కొలతలు తీశారో చెప్పండి, అవే నేనూ తీస్తాను. ఇద్దరం ఒకే చోటి నుంచి కొలవాలి, లేకపోతే ఉపయోగం ఉండదు.

---

రసమట్టం

వాసూ, భేష్. అన్నీ బెజ్జం మధ్య నుంచి బెజ్జం మధ్యకు కొలవండి ఇద్దరూ. బెజ్జం మధ్య కంటికి దొరకదు, అందుకని బెజ్జానికి సరిపోయే కడ్డీలు దూర్చి, కడ్డీల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, రెండు కడ్డీల వ్యాసార్ధాలూ తీసెయ్యండి. హెడ్ కోణానికి నేల వాడొద్దు. వెనకవైపు రెండు ఇంజిన్ బోల్టుల మధ్య గీతను ఆధారం చేసుకుని, ఆ గీతకూ హెడ్ కడ్డీకీ మధ్య కోణం తీయండి. శీను ఫ్రేమ్‌లో ఆ భాగం చెడలేదని తేలింది కాబట్టి రెండు ఫ్రేముల్లోనూ ఆ గీత ఒకటే. పొడవు కొలతలు రెండువైపులా విడివిడిగా రాయండి, ఎడమ ఒకటి, కుడి ఒకటి.

---

సైడ్‌వాల్వ్_శీను (సోలిహల్)

వాసు తన ఫ్రేమ్ కారులో వేసుకుని మా ఇంటికే తెచ్చాడు. రెండింటినీ ఒకే బల్ల మీద, అవే కడ్డీలతో, అదే లెవెల్‌తో కొలిచాం. టేపు ఒకరు పట్టుకుంటే అంకె ఇంకొకరు చదివాం, ఒకరి అంకె ఒకరం చూసుకోకుండా రాసుకున్నాం.

వెనక భాగంలో రెండు ఫ్రేములూ 1/32 అంగుళం లోపు ఒకటే. హెడ్ లగ్ నుంచి ముందు ఇంజిన్ బోల్టు దాకా నాది కుడివైపు వాసు ఫ్రేమ్‌తో సమానంగా ఉంది, ఎడమవైపు 3/16 అంగుళం తక్కువ. హెడ్ కోణం నాది 0.9 డిగ్రీలు నిటారుగా ఉంది. రసమట్టం గారు చెప్పిన 30 అంగుళాల లెక్క వేస్తే చక్రం దగ్గర దాదాపు అర అంగుళం, 54 కి 53½ ఎందుకొచ్చిందో దాంతో తెలిసిపోయింది. యోకులు కూడా పోల్చాం, రెండూ ఒకటే. అంటే పైన వేరే వంకర ఏదీ లేదు. డౌన్‌ట్యూబు ఎడమ పక్క కుంగింది, హెడ్ లగ్ వెనక్కీ ఎడమకూ కలిపి కదిలింది.

మూర్తి గారూ, ట్యూబు మార్పించడానికే నిర్ణయించుకున్నాను. ఫ్రేమ్ జిగ్ ఉన్న ఒక పనివారితో మాట్లాడాను. కొలతల కాగితం చూపించగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, హెడ్ లగ్‌లో కప్పులు తీసి కొలిచారా అని. తీసే కొలిచామన్నాను. ఇక ఆయన ఇంకేమీ అడగలేదు, ఆ బిళ్లలూ కడ్డీ కూడా ఫ్రేమ్‌తో పాటు తెమ్మన్నారు. ముందు బోల్టు సరిచూడటానికి పాత క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) కూడా తీసుకెళుతున్నాను, బ్రేజింగ్ చల్లారాక అది అక్కడికక్కడే తగిలించి చూస్తారట.

రావు గారూ, బర్టన్ లైబ్రరీకి 66 నంబరుతో రాశాను, లైనమ్‌కి కూడా. ఏదైనా డ్రాయింగ్ దొరికితే మా అంకెలతో పాటు ఇక్కడే పెడతాను. వాసు ఫ్రేమ్ కొలతలు పూర్తిగా, ఎక్కడి నుంచి ఎక్కడికో బొమ్మ గీసి, ఎడమ కుడి విడివిడిగా, రేపు ఇదే చర్చలో వేస్తున్నాం. జెడ్‌ఎమ్20 ఫ్రేమ్ ఉన్నవాళ్లు మీది కూడా అదే బొమ్మ మీద కొలిచి పంపండి. ఒక్క ఫ్రేమ్‌ని నమ్మడం కంటే నాలుగైదు కలిపి చూస్తే, తర్వాత అడిగేవాళ్లకు గట్టి అంకెలు చెప్పగలం.

---

రసమట్టం

బొమ్మలో బోల్టు బెజ్జాల వ్యాసాలు కూడా రాయండి. కొందరు అరిగిన బెజ్జాన్ని పెద్దది చేసి ఉంటారు, అలాంటి ఫ్రేమ్ కొలత వస్తే దాన్ని పక్కన పెట్టాలి.